అరికాళ్ళు చూసుకునే వేళ

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే మాట. "అమ్మా, అది అంటుకోదా?" నోరు తెరిచి అడగలేనివాళ్ళు నా చేతివేళ్ళకేసి దొంగచూపులు చూస్తారు. చూడండి తల్లీ, బాగా చూడండి. పది వేళ్ళూ ఉన్నాయి. చీమ కుడితే పదింటికీ తెలుస్తుంది. కుష్ఠు ఆసుపత్రిలో పుండ్లు కడిగి కడిగి ముసలివైన చేతులివి. అక్కడినుంచి నాకు అంటుకున్నదల్లా ఒక అలవాటు. రోజూ సాయంత్రం కాళ్ళు కడుక్కుని, కాస్త ఆముదం రాసుకుని, ఒక్కో కాలూ ఒళ్ళో పెట్టుకుని అరికాలు చూసుకుంటాను. మా కోడలు మొదట్లో నవ్వేది. ఇప్పుడు నవ్వుతూనే పక్కన కూర్చుంటుంది.

ఆ అలవాటు ఎక్కడిదో రాసిపెట్టమని అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఎప్పుడు ఏ పోస్టు వచ్చిందో, ఎక్కడికి బదిలీ అయిందో నన్నడక్కండి. అవి నాకే సరిగా గుర్తు లేవు, ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు.

నొప్పి లేకపోవడమే జబ్బు

మా ఆసుపత్రి పాతపట్నం వెళ్ళే రోడ్డు పక్కన, మామిడితోటల అవతల ఉండేది. మిషను ఆసుపత్రి. నేను ఆ దాపునే ఒక బాప్టిస్టు ఇంట్లో పుట్టాను. మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. అరవైల చివర్లో నర్సు చదువు ముగించి ఇంటికొస్తే నన్ను ఇక్కడ వేశారు. నేను ఏడ్చాను. మా అమ్మ నాకన్నా ఎక్కువ ఏడ్చింది. "పెద్దరోగం ఆస్పత్రిలో సేసిన గుంటని ఎవులు సేసుకుంతారే" అని ఆవిడ దిగులు. చేసుకున్నాడులెండి ఒకాయన. అది వేరే కథ.

జనం ఈ జబ్బులో మచ్చల్ని చూసి భయపడతారు, మొండి వేళ్ళని చూసి తలుపులు వేసుకుంటారు. అసలు కష్టం కంటికి కనబడదు. నరం చచ్చిపోయి నొప్పి తెలియకుండా పోతుంది, అదీ కష్టం. నొప్పి లేకపోతే సుఖమే కదా అనుకుంటున్నారా? మీ కాల్లో ముల్లు దిగితే మీరు కుంటుతారు. కుంటితే ఆ కాలికి విశ్రాంతి దొరుకుతుంది, నాలుగు రోజుల్లో మానుతుంది. నరం చచ్చినవాడు కుంటడు. ముల్లు మీద, పుండు మీద, చివరికి ఎముక మీద కూడా మామూలుగా నడిచేస్తాడు.

నేను చేరిన కొత్తల్లో పొందూరు వైపు నుంచి నేతపని చేసే ఆవిడ ఒకామె వచ్చింది. అరచెయ్యంతా బొబ్బలు. ఏమైందంటే, పొయ్యి మీది ఇత్తడి గిన్నె ఒట్టి చేత్తో దించిందట. "ఏదో మాంసం కాల్తన్న వాసన వొచ్చిందమ్మా. ఎవులింట్లోనో కూర మాడిపోతన్నాది పాపం అనుకున్నాను" అంది. ఆవిడకి కట్టు కట్టి బయటికొచ్చి, నుయ్యి దగ్గర చేదలో నా రెండు చేతులూ ముంచి, చల్లదనం తెలుస్తోందా అని చూసుకున్నాను. నాకు ఈ ఉద్యోగం అర్థమైంది ఆ రోజునే.

పెద్ద డాక్టరుగారి వరండా

సత్యానందం గారిని మేమంతా పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళం, చిన్న డాక్టరంటూ ఎవరూ లేకపోయినా. సన్నటి మనిషి. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. నాకు కోపం వస్తే మామిడితోటలో కాకులు లేచేవి. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరిందేమో.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. పొద్దు వాలే వేళకి రోగులందరూ పొడుగు వరండాలో వరసగా కూర్చోవాలి. కాళ్ళు నీళ్ళలో నానబెట్టుకుని, మందంగా కట్టిన చర్మం రాయితో గీకి, ఆముదం రాసుకోవాలి. ఆ తరవాత మాటలు బంద్. కాలు ఒళ్ళో పెట్టుకుని, మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ సందుల దాకా మెల్లగా చూసుకుంటూ రావాలి. "ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోండి. దేవుడి మీద అలిగినవాళ్ళు ఊపిరి చూసుకోండి. కళ్ళు మాత్రం కాలి మీదే ఉండాలి" అనేవారు. అంతా అయ్యాక ఆయన వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగేవారు. "నిన్న లేనిది ఇవాళ ఏముంది?"

ఏమీ లేదంటే ఒప్పుకునేవారు కాదు. కొత్త గీత, కొత్త ఎరుపు, చిన్న పగులు, పోనీ అంటుకున్న ఒక గడ్డిపరక, ఏదో ఒకటి చెప్పాలి.

నాకు ఒళ్ళు మండేది. లోపల కట్లు కట్టాల్సినవాళ్ళు ఇంకా మిగిలే ఉండేవారు. ఒకరోజు మొహం మీదే అనేశాను. "డ్రెస్సింగులు మిగిలిపోతుంటే ఈ కాళ్ళ పూజ ఏంటి సార్?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "సుగుణా, నువ్వు కట్టే కట్టు రేపు పొద్దున్నదాకా. వీళ్ళు ఇంటికెళ్ళాక కట్టేదెవరు? ఇన్నాళ్ళూ నరం చేసిన పని ఇక మీద మనసు చెయ్యాలి. మనసుకి ఆ పని రాదు, నేర్పాలి. కూర్చోబెట్టి నేర్పడం తప్ప నాకు వేరే దారి తెలియదు. నువ్వూ కూర్చో."

చచ్చినట్టు కూర్చున్నాను. నా అరికాలు నేను చూసుకుని ఎన్నేళ్ళయిందో. మడమలు పగిలి బీటలు తీసి ఉన్నాయి. బొటనవేలి పక్కన పాత మచ్చ ఒకటి కనబడింది. చిన్నప్పుడు తుమ్మముల్లు దిగితే మా నాయనమ్మ పిన్నీసుతో తీసింది. నేను వీధంతా వినబడేలా ఏడ్చాను, ఆవిడ నాకు బెల్లంముక్క పెట్టింది. ఆ మచ్చ చూస్తూ ఆ వరండాలో కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. అలా ఏడవగలగడం ఎంత అదృష్టమో నా పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుసు.

ధ్యానం చేస్తామని గొప్పగా చెప్పుకునేవాళ్ళకి ఒక ముక్క చెబుతాను. విజయనగరం నుంచి ఒక మేష్టారు రోగిగా వచ్చి చేరారు. చక్కగా చదువుకున్న మనిషి. పద్మాసనం వేసి, వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుంటే దేవుడు పిలిచినా పలికేవారు కాదు. అలా కూర్చోగా కూర్చోగా గచ్చుకి ఒరుసుకుని ఆయన చీలమండ పక్కన పుండు పడింది. ఆయన ఆత్మ ఎక్కడ తిరుగుతోందో గానీ, చీలమండ సంగతి దానికి తెలియలేదు. పెద్ద డాక్టరుగారు ఆయన పక్కనే చతికిలబడి, "మేష్టారూ, కళ్ళు మూసుకుని చేసేది మీకు బాగానే వచ్చు. కళ్ళు తెరుచుకుని చేసేది ఇక్కడ నేర్చుకోండి" అన్నారు. మేష్టారికి రోషం వచ్చి రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు దిండు ఒకటి అడిగి తీసుకుని, కాళ్ళు చాపి కూర్చున్నారు. మంచివారు.

చిన్నంనాయుడి కాలు

మహేంద్రతనయ ఏటి పక్క ఊరు చిన్నంనాయుడిది. కొద్దిపాటి వరిపొలం, రెండెద్దులు, భార్య పైడమ్మ, ఇద్దరు పిల్లలు. కుడి అరికాల్లో బొటనవేలి కింద చింతగింజ పట్టేంత గొయ్యితో వచ్చాడు. బస్సు దిగి గేటు దాకా కొంచెం కూడా కుంటకుండా నడిచొచ్చాడు. మా వైపు ఆచారం ప్రకారం నేను అతన్ని అన్నా అన్నాను, పైడమ్మని వదినా అన్నాను.

వరండాలో అందరూ కాళ్ళు చూసుకుంటుంటే చిన్నంనాయుడు మామిడిచెట్లు చూసేవాడు.

"నాయుడన్నా, కాలిక్కడుంటే సూపు అక్కడేటి?" అన్నాను.

"అది సచ్చిపోనాదమ్మా" అన్నాడు. "సచ్చినదాన్ని ఎంతసేపని సూస్తాం. కాల్సీడమో పూడ్సీడమో సెయ్యాల గానీ."

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు.

పైడమ్మ వారం వారం రాగుల చోడంబలి, ఉలవచారు పట్టుకుని వచ్చేది. వచ్చి వరండా చివరి స్తంభం దగ్గర నిలబడిపోయేది. ఆవిడ దూరంగా కనబడగానే అతను దుప్పటి లాగి కాళ్ళు కప్పేసుకునేవాడు. గిన్నె అక్కడ పెట్టి వెళ్ళమని చేత్తో చూపించేవాడు. ఆవిడ మాత్రం వెంటనే వెళ్ళేది కాదు. స్తంభానికి ఆనుకుని, పక్కవాళ్ళు కాళ్ళు కడుక్కోవడం, చూసుకోవడం, డాక్టరుగారి ప్రశ్నకి జవాబు చెప్పడం అన్నీ చూస్తూ ఉండేది. బస్సు వేళయ్యాక వెళ్ళేది.

ఒకరోజు ఉండబట్టలేక, ఆవిణ్ణి దగ్గరికి రానివ్వవేమిటని అతన్ని నిలదీశాను.

"పొలంనించొస్తే సెంబుతో నీల్లట్టుకొచ్చి నా కాల్లు కడిగీది" అన్నాడు. "పెళ్ళయిన కాణ్ణించీ అదే అలవాటు. మచ్చలొచ్చినాక నానే ఒద్దన్నాను. సెంబు అరుగు మీదెట్టీసి ఎల్లిపో అన్నాను. అరుగు మీదే తింతాను, అరుగు మీదే తొంగుంతాను. దానికి పిల్లలున్నారు గదమ్మా."

మాత్రలు వేసుకుంటున్నావు కాబట్టి భయం లేదని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. తల ఊపేవాడు. మర్నాడు మళ్ళీ దుప్పటి లాగేవాడు.

కాలిని ప్లాస్టరు పిండికట్టులో పెడితే పుండు మానింది. మెత్తటి రబ్బరు చెప్పులు ఇచ్చి పంపించాం. కోతలు, నూర్పులు అయ్యాక మళ్ళీ వచ్చాడు, అదే చోట అదే గొయ్యి. ఈసారి మానడానికి చాలా కాలం పట్టింది. ఇంటికి పంపేముందు డాక్టరుగారు అతని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. "నాయుడూ, ఇంకొక్కసారి ఇది తెరుచుకుంటే ఎముక కుళ్ళుతుంది. అప్పుడు మోకాలి కిందకి కాలు తీసెయ్యాలి. నేనే తియ్యాలి. నాచేత ఆ పని చేయించకు."

చిన్నంనాయుడి మొహం పాలిపోయింది. ఒంటికాలితో నాగలి పట్టడం కుదరదు. పొలం కౌలుకిచ్చేసి అరుగు మీద కూర్చోవాలి. ఆ భయంతోనే మొదటిసారి అతను ఆ కాలిని ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజూ చూసుకున్నాడు, రోజూ ఏదో ఒకటి చెప్పాడు. "కాలి ఏళ్ళ సందున తెల్లగా నానిపోనాది." "మడమ కాడ గీతొచ్చింది." నేర్చుకున్నాడు, నిజంగానే. వానలు పడేముందు ఇంటికి వెళ్ళాడు.

కళ్ళం

నాకు నమ్మకం కుదరలేదు. మొదటిసారి ఇచ్చిన చెప్పులు మళ్ళీ వచ్చినప్పుడు తీసి చూశాను, బాగా అరిగి ఉన్నాయి. అంటే వేసుకున్నాడు. వేసుకుంటే పుండెందుకు పడింది? డాక్టరుగారికీ తెలియలేదు. నూర్పుల కాలం రాగానే నన్ను పిలిచి, "రోగుల్ని చూసుకోమని చెప్పడమేనా, మనకీ చూడ్డం వచ్చా? వెళ్ళి చూసిరా" అన్నారు. ఆ రోజుల్లో కొండల వైపు గొడవలుగా ఉండేది. పోలీసులు బస్సులు ఆపి సోదాలు చేసేవారు. పొద్దున్నే వెళ్ళి పొద్దుండగానే వచ్చెయ్యమని మరీ మరీ చెప్పి పంపారు.

చిన్నంనాయుడు ఊరి బయటే ఎదురయ్యాడు. కాళ్ళకి చెప్పులున్నాయి. నన్ను చూసి సంతోషపడిపోయాడు. "ఏటమ్మా ఇలగొచ్చినావు, రా, కల్లం సూద్దువు గానీ" అని ముందు నడిచాడు. బండ్ల పుంత దాటాం, గట్టెక్కాం. కోసిన మడి మొదలయ్యే చోట చెప్పులు విడిచాడు. వంగి నేలని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. వరిదుబ్బులు మేకుల్లా నిలబడి ఉన్న ఆ మడిలోకి ఒట్టికాళ్ళతో దిగి, మధ్యలో పేడతో అలికిన కళ్ళం దాకా నడిచి, ఎద్దుల వెనక తిరగడం మొదలుపెట్టాడు.

నేను అతని వెనకాలే పరుగెత్తి, కళ్ళం అంచున నిలబడి ఒక్క కేక పెట్టాను. ఎద్దులు కూడా ఆగిపోయాయి.

"సెప్పులేవి?"

"గట్టు మీదున్నాయి గదమ్మా."

అతన్ని అక్కడే గడ్డిమోపు మీద కూలేశాను. ముంతలో నీళ్ళు పోసి అరికాలు కడిగాను. పుండు తెరుచుకోలేదు. పాత మచ్చ కింద మాత్రం నల్లగా నెత్తురు కమ్మి ఉంది, చెయ్యి పెడితే కుంపటిలా వేడి. ఇంకో రెండ్రోజులు ఎద్దుల వెనక తిరిగితే తెరుచుకునేదే. అతను నా మొహంలోకి చూసి అప్పుడు తన కాలికేసి చూశాడు.

"నిన్న సందేల బాగున్నాది. నాను సూసుకున్నాను" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడూ సెప్పులు ఏసుకోమంటే ఏసుకుంతన్నానని అబద్ధం ఎందుకు సెప్పినావన్నా?"

"అబద్ధమేటి? మీరు బైట తిరిగీటప్పుడు ఏసుకోమన్నారు. బైటంతా ఏసుకుంతన్నాను. కల్లం బైటేటమ్మా? దేవుడి గది. లచ్చిమున్నాది ఇక్కడ. లచ్చిమిని సెప్పుల్తో తొక్కమంతావా? నానెల్లి తొక్కితే రేపు ఆ గింజలు నా పిల్లలు తినాల గదా. కాలు పోతే పోనియ్యి."

బాగా తిట్టాలనే నోరు తెరిచాను. తిట్టలేకపోయాను. ఎందుకంటే నా కాళ్ళ కింద పేడ అలికిన నేల చల్లగా తగిలింది. నేనూ ఒట్టికాళ్ళతోనే నిలబడి ఉన్నాను. అంత కోపంలో పరుగెత్తుతూ కూడా నా చెప్పులు గట్టు మీద, అతని చెప్పుల పక్కనే విడిచొచ్చాను. ఎప్పుడు విడిచానో నాకే తెలియదు.

చెప్పులతో ప్రార్థనకి

అతన్ని ఆ రోజే వెంటపెట్టుకుని వచ్చేశాను. పైడమ్మ తమ్ముడు ఎద్దుల్ని చూసుకుంటానన్నాడు. జరిగిందంతా డాక్టరుగారికి చెప్పాను. ఆయన లేచి నన్ను ప్రార్థన గది దగ్గరికి తీసుకెళ్ళారు. లోపల సాయంత్రం ప్రార్థన జరుగుతోంది. గేటు దగ్గర వరసగా రబ్బరు చెప్పులు. వార్డులో ఉన్నవాళ్ళవన్నీ అక్కడే ఉన్నాయి. అక్కణ్ణించి గుమ్మం దాకా కంకర, ఎండకి కాలిన రాతిమెట్లు. ఆ దారంతా వాళ్ళు రోజూ ఒట్టికాళ్ళతో నడుస్తున్నారు, మా కళ్ళ ముందే.

"వరండాలో కాలు చూసుకోమని నేర్పుతున్నాం. ఇక్కడికొచ్చేసరికి ఆ కాలిని గేటు బయట వదిలెయ్యమంటున్నాం" అన్నారు. ఆయన చెప్పులు కూడా ఆ వరసలోనే ఉండేవి రోజూ, నావీ అంతే.

మర్నాడు ఆయన చెప్పులతో ప్రార్థన గదిలోకి నడిచారు. అది మా దగ్గర ఎంత పెద్ద మాటో మీకు చెప్పినా తెలియదు. ఒక ముసలమ్మ లెంపలు వేసుకుంది. సంఘం పెద్దలిద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆయన ముందు నిలబడి, ఆ తగ్గిన గొంతుతో, "ఈ కాళ్ళు ఇచ్చింది దేవుడే. వాటిని జాగ్రత్తగా పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చాం. కోప్పడితే నన్ను కోప్పడతాడు, మీరు చెప్పులు వేసుకుని రండి" అన్నారు. చదవడానికి పుస్తకం తీసి, చదవాల్సిన చోటు దొరక్క పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు. అంత సులభంగా చెయ్యలేదని నాకు అప్పుడు తెలిసింది. కొందరు వేసుకొచ్చారు, కొందరు చాలా వారాలు బయట మెట్ల దగ్గరే కూర్చుని ప్రార్థన చేసుకున్నారు. ఎవర్నీ బలవంతపెట్టలేదు. పెట్టకూడదు కూడా, ఇది గుర్తు పెట్టుకోండి. ఒకడి భక్తిని మీరు వెటకారం చేస్తే వాడు మీ మాట విన్నట్టు తల ఊపి, ఇంటికెళ్ళి తన పని తాను చేసుకుంటాడు.

చిన్నంనాయుడు ఇదంతా కిటికీ పక్క మంచం మీంచి చూశాడు. కాలు చల్లబడింది, పాత మచ్చ తెరుచుకోకుండా నిలిచింది. ఇంటికి వెళ్ళే వేళకి డాక్టరుగారు మళ్ళీ స్టూలు వేసుకున్నారు.

"బాబూ, మీ దేవుడి గదిలోకి మీరు సెప్పుల్తో ఎల్లినారు" అన్నాడు చిన్నంనాయుడు. "పెద్దమనసు సేసుకుని ఆయన ఊరుకున్నాడేమో. నా కల్లంలోకి నానెల్లలేను. నా వల్ల కాదు. కోసీండి కాలు."

డాక్టరుగారు నాకేసి చూశారు. అంతలో స్తంభం దగ్గరినుంచి గొంతు వినిపించింది. ఇన్ని నెలల్లో పైడమ్మ మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"ఏరువాకనాడు నాగలికి పసుపెట్టవా మావా?" అంది. "బొట్టెట్టి దండం ఎట్టవా? ఆ నాగలి బూమితల్లిని సీల్చీదే గదా. పేడలో పడుంతాది గదా. సెప్పులకీ పసుపెడితే అవీ పనిముట్టే. పనిముట్టుతో కల్లంలోకి ఎల్తే తప్పేటి?"

చిన్నంనాయుడు వంగి తన కాలికేసి చూసుకున్నాడు.

ఆవిడ డాక్టరుగారి వైపు తిరిగింది. "బాబూ, కొత్త జోడొకటి ఇప్పించండి. తోలు ఒద్దు. ఈది మట్టి తగలకూడదు. నాను పసుపు రాసి మడి గట్టు కాడే ఎడతాను. ఆడు గట్టు మీద పాతవి ఇడిసి అవేసుకుంతాడు."

డాక్టరుగారు ఆ పూటే చెప్పులు కుట్టేచోటికి కబురు పంపించారు. అరిగిన టైరు అడుగు, దాని మీద మెత్తటి రబ్బరు, తోలు బదులు గట్టి గుడ్డ పట్టీలు, ఒక్క మేకు లేకుండా చేతికుట్టు. పైడమ్మ ఆ జోడుని కొత్త చేటలో పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది.

చెంబు

ఆ కాలు పోలేదు. మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తున్నాను. నాకు తెలిసినంతకాలం చిన్నంనాయుడు రెండు కాళ్ళతోనే నాగలి పట్టాడు. తరవాత మా దగ్గరికొచ్చిన రైతులు చాలామందికి ఆ రెండో జోడు ఇచ్చాం. దానికి కళ్ళం చెప్పులు అనే పేరే స్థిరపడిపోయింది.

మిగిలిన పంట నూర్చేటప్పుడు నన్ను రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళాను. గట్టు అంచున పసుపు రాసి బొట్టు పెట్టిన చెప్పులు, పక్కన నాలుగు బంతిపూలు. అతను ఒట్టికాళ్ళతో నేల మీద అడుగు పెట్టకుండా, గట్టు మీంచి ఆ జోడులోకి కాళ్ళు పెట్టాడు. పైడమ్మ దుబ్బులు చెక్కి కళ్ళం దాకా దారి చేసి ఉంచింది. చుట్టుపక్కల కళ్ళాలవాళ్ళు నోళ్ళు నొక్కుకుంటూ చూశారు. అతను ఎవరికేసీ చూడలేదు. ముందు కళ్ళానికి దండం పెట్టి, తరవాత ఎద్దుల్ని అదిలించాడు. నా చెప్పులు మాత్రం గట్టు మీదే ఉన్నాయి, నా కాళ్ళకి నొప్పి తెలుసు కదా.

పొద్దు వాలాక వాళ్ళింటికి వెళ్ళాం. అతను అరుగు మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఏదో తింటున్నాను. పైడమ్మ నీళ్ళ చెంబు, ఆముదం గిన్నె పట్టుకొచ్చింది.

"అక్కడెట్టీసి ఎల్లు" అన్నాడు అలవాటుగా.

ఆవిడ వెళ్ళలేదు. అరుగు కింద చతికిలబడి, అతని కుడికాలు రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. అతను లాక్కోబోయాడు. నాకేసి చూశాడు, నేనేదైనా అంటానేమోనని. నేను తింటున్నది ఆపి తల వంచుకున్నాను. ఆవిడ నీళ్ళు పోసి కడిగింది. కొంగుతో తుడిచింది. ఆముదం రాసింది. మడమ దగ్గర మొదలుపెట్టి, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి, మెల్లగా చూసుకుంటూ వచ్చింది. స్తంభానికి ఆనుకుని అన్ని వారాలు ఆవిడ నేర్చుకున్నది అది. పాత మచ్చ దగ్గర అరచెయ్యి ఆనించి, వేడి ఉందేమోనని అలాగే ఉంచింది.

ఆ చెయ్యి అతనికి తెలియదు. అక్కడ నరం లేదు. అతను వంగి, కళ్ళు ఆర్పకుండా ఆ చేతినే చూస్తున్నాడు.

పైడమ్మ తల ఎత్తి, అచ్చం డాక్టరుగారిలాగే అడిగింది.

"నిన్న లేనిది ఇయ్యాల ఏటున్నాది మావా?"

అతను చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకుని చెప్పాడు.

"నీ సెయ్యి."